రాజేశం నోటుబుక్కు, నా పాత జార్ ఫైలు

సూరత్ ఆల్థాన్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో ఏ అంతస్తులో తలుపు కొట్టినా ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు బయటికొస్తాడు. నేను ముప్పై రెండేళ్లు అదే పని చేసి రిటైరయ్యానని తెలిసి అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారాంటీ అంటారు. నేను ఇంటర్వ్యూ ఇచ్చిన రోజున ఆ ఆఫీసులో ఉన్నవి రెండే కంప్యూటర్లు, నాకేం తెలుస్తుంది. చేరాక ఏం జరుగుతుందో అడగండి, అది చెబుతానంటే మాత్రం టీ తాగేసి లేచిపోతారు. అందుకే రాసి పెడుతున్నాను. అక్కర పడిన రోజు చదువుకుంటారు.

నేను పుట్టింది సిరిసిల్ల దగ్గర, పెరిగింది ఇక్కడే సూరత్‌లో, వడోద్‌లోని రేకుల ఇంట్లో. నాన్న మగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. నేను బీఎస్సీ చదివి, ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సు చేసి, బిపిన్‌భాయ్ దగ్గర చేరాను. బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లులకు ప్రోగ్రాములు రాసిచ్చే చిన్న కంపెనీ అది. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ప్రమోషన్ల గురించి రాయడానికి ఏమీ లేదు. మా దగ్గర ఉన్నవి రెండే హోదాలు, ఒకటి బిపిన్‌భాయ్, రెండోది మిగతా అందరం.

ఎవరి వస్తువు ఏ అరలో

కాలేజీలో ప్రోగ్రాం రాయడం నేర్పుతారు. రాసినదాన్ని ఎక్కడ పెట్టాలో నేర్పరు. ఉద్యోగంలో రాయడం కన్నా, రాసింది ఎక్కడుందో వెతుక్కోవడమే ఎక్కువ. ఈ మాట మీకు ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

మేం జావాలో రాసేవాళ్లం. అందులో ప్రోగ్రాం ముక్కను క్లాస్ అంటారు. సంబంధం ఉన్న క్లాసులను కలిపి పెట్టే అర ప్యాకేజీ. వాటన్నిటినీ మూటగట్టి మిల్లుకు పంపే ఫైలు జార్. మిల్లులో ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు, కావలసిన క్లాసును ఆ మూటల్లో వెతికి తెచ్చే పని క్లాస్‌లోడర్‌ది. ఈ పని తెలియనివాళ్లు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకుంటే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది.

మొదట్లో మా ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండేవి. మూడొందలు దాటాక ఎవరికీ ఏమీ దొరకడం మానేసింది. అప్పుడు బిపిన్‌భాయ్ ఒక్కో మిల్లుకు ఒక్కో ప్యాకేజీ పెట్టమన్నారు. ఆయన లెక్కలో అది న్యాయమే, ఫోన్ చేసేది మిల్లువాళ్లు కదా. దాని ఫలితం ఏమైందంటే, రంగు ఎంత వేయాలో లెక్కగట్టే క్లాసు ఒక్కటే ఉండాల్సింది, పదకొండు మిల్లుల కింద పదకొండు కాపీలుగా తయారైంది. ఒకచోట తప్పు దిద్దితే పదిచోట్ల అలాగే ఉండిపోయేది. ఈ సంగతి మూడుసార్లు చెప్పాను, ఆయన చెవిన వేసుకోలేదు. దీపావళికి మిల్లులన్నీ మూతపడి ఊరు నిద్రపోతుంటే నేను ఆఫీసు తాళం తీయించుకుని కూర్చున్నాను. తొమ్మిది రోజుల్లో మిల్లుల పేర్లన్నీ పీకేసి, చేసే పనిని బట్టి సర్దాను. రెసిపీ లెక్కకు ఒక ప్యాకేజీ, తూకానికి ఒకటి, ప్రింటుకు ఒకటి. సెలవుల తర్వాత ఆయన చూసి, చేసేముందు చెప్పాలి సుజాతాబెన్ అన్నారు. చెప్పాను కదా అన్నాను. ఇద్దరం ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

ఏ క్లాసు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేకపోతే ఒక్కటే ఆలోచించండి. రేపు ఇది మారితే దీనితోపాటు ఇంకేవి మారాలి? అవన్నీ ఒకచోట ఉండాలి. అంతకు మించి నాకు తెలిసిన శాస్త్రం లేదు.

కిమ్‌లో మూడు రోజులు

క్లాసు దొరకలేదని ప్రోగ్రాం ఆగిపోవడం ఈ పనిలో రోజూ ఉండేదే. ఎక్కువసార్లు ఫైలు పంపడం మర్చిపోయి ఉంటాం, పంపిస్తే సరిపోతుంది. సూరత్ దగ్గరి ఊరు కిమ్‌లోని ఒక దారం ఫ్యాక్టరీలో మాత్రం సరిపోలేదు. క్లాసు నిర్వచనం దొరకలేదని తెర మీద వస్తోంది, జార్ విప్పి చూస్తే క్లాసు నిక్షేపంగా ఉంది. మళ్లీ కట్టాను, మళ్లీ పంపాను, జావా తీసేసి కొత్తది వేశాను. మూడు రోజులు లోకల్ రైల్లో తిరిగాను. మూడో రోజు అక్కడి ఆఫీసులో పనిచేసే హంసాబెన్, పొద్దున్నే కంప్యూటర్ పెట్టగానే మొదట వేరే మాట వస్తుంది, తర్వాత నుంచే ఇది వస్తుంది అని మామూలుగా చెప్పింది. మూడు రోజులుగా నేను ఆమెను ఏమీ అడగలేదు. ఆమె పని టైపు చేయడమే అనుకున్నాను.

ప్రోగ్రాం తన తప్పులు రాసిపెట్టుకునే రికార్డులో పైకి వెళ్లి చూస్తే మొదటి తప్పు అక్కడే ఉంది. ఆ క్లాసు మొదలవుతూనే ఒక సెట్టింగుల ఫైలు చదవాలి. ఎవరో ఆ ఫైలున్న ఫోల్డర్‌ను జరిపారు. మొదటిసారి మొదలవలేక పడిపోయిన క్లాసును జావా ఇక రెండోసారి ముట్టుకోదు, అడిగినప్పుడల్లా లేదనే చెబుతుంది. నేను ఆ రెండో మాట పట్టుకుని మూడు రోజులు పోగొట్టాను. అప్పటినుంచి ఎవరు తప్పు చూపించినా మొదటిది చూపించమని అడుగుతాను. దానితోపాటు, ఆ యంత్రం ముందు రోజంతా కూర్చునే మనిషిని కూడా అడుగుతాను. ఈ రెండోది నేను సరిగ్గా నేర్చుకోలేదని తర్వాత తెలిసింది.

మంచం కింద గోనెసంచి

మా నాన్న మంచం కింద ఒక గోనెసంచి ఉండేది. అందులో మగ్గం నుంచి ఊడదీసిన పాత సామాను, అరిగిన కండెలు, విరిగిన పళ్లచక్రాలు, ఏ మగ్గానివో ఆయనకే తెలియని బోల్టులు. అమ్మ పారేస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. కొత్త సామాను ఎప్పుడు మోసం చేస్తుందో తెలియదు, అప్పుడు పాతదే దిక్కు అనేవాడు. షెడ్డుల్లో అందరిదీ అదే పద్ధతి. మగ్గం ఆగితే ఆ పూట పని పోయినట్టే కాబట్టి ఊడదీసిన ముక్కను ఆ మగ్గం పక్కనే పెట్టుకునేవాళ్లు.

నేను ఆ పద్ధతిని మగ్గం నుంచి కంప్యూటర్‌కు తెచ్చాను. కొత్త జార్ పంపినప్పుడు పాతదాన్ని తీసేసేదాన్ని కాదు. పేరు చివర ఓల్డ్ అని చేర్చి అదే ఫోల్డర్‌లో పక్కన ఉంచేదాన్ని. కొత్తది మొరాయిస్తే పేర్లు తారుమారు చేసి నిమిషంలో మిల్లును నడిపించవచ్చు. రెండుసార్లు అలాగే నడిపించాను కూడా, బిపిన్‌భాయ్ అందరి ముందూ మెచ్చుకున్నారు. కొత్తగా చేరినవాళ్లకు నేనే నేర్పాను, పాతది పారేయకండి అని. ఇంత నమ్మకంగా నేర్పిన తప్పు నా జీవితంలో ఇంకోటి లేదు.

పేరు మార్చినంత మాత్రాన అది మూట కాకుండా పోదు. ఆ ఫోల్డర్‌లో ఉన్న ప్రతి జార్‌నూ క్లాస్‌లోడర్ చూస్తుంది. ఒకే పేరున్న క్లాసు రెండు మూటల్లో ఉంటే మొదట ఏది దొరికితే అది తెచ్చి, అక్కడితో వెతకడం ఆపేస్తుంది. ఏది మొదట వస్తుందో మన చేతిలో లేదు, ఆ కంప్యూటర్ తన ఫోల్డర్‌ను ఏ వరసలో చదువుతుందో దాన్నిబట్టి ఉంటుంది. మా ఆఫీసులోనూ మిల్లుల్లోనూ ఉన్న కంప్యూటర్లు అక్షరక్రమంలో చదివేవి, అందుకే కొత్తదే ముందు వచ్చేది. ఏళ్ల తరబడి అలా వచ్చేసరికి, అది నా తెలివి అనుకున్నాను.

స్లిప్పు సరిగ్గానే ఉంది

ఎనిమిదేళ్ల కిందటి మాట. సూరత్‌లో డైయింగ్ మిల్లులన్నీ ఉండే పాండేసరాలో మా పాత ఖాతాదారు మిల్లు ఒకటి ఉంది. అక్కడ రంగుల గదిలో పొడులు తూచి కలిపే మాస్టర్ పేరు రాజేశం. జగిత్యాల వైపు మనిషి, వడోద్‌లో మా పాత ఇంటికి రెండు సందుల అవతల ఉండేవాడు. నన్ను అక్కా అనేవాడు. సూరత్‌లో రంగు మాస్టర్‌కు ఆస్తి ఏదైనా ఉందంటే అది చేతికున్న పేరే. ఫలానా వాడి చేతిలో షేడ్, అంటే రంగు ఛాయ, తప్పదన్న మాట ఉంటే ఏ మిల్లయినా పిలుస్తుంది. తప్పుతుందన్న మాట ఒకసారి పాకితే పాండేసరా మొత్తంలో ఎవరూ గది తాళం ఇవ్వరు.

పని ఇలా జరుగుతుంది. ల్యాబ్‌లో చిన్న ముక్క మీద రంగు కుదిర్చి శాతాలు పంపుతారు. రంగుల గదిలో ఉన్న కంప్యూటర్‌లో మా ప్రోగ్రాం ఆ శాతాలను లాట్ బరువుకు, అంటే ఒక విడతలో రంగువేసే బట్ట బరువుకు లెక్కగట్టి, ఏ పొడి ఎన్ని గ్రాములో స్లిప్పు కొడుతుంది. మాస్టర్ దాన్ని చూసి తూస్తాడు. తడి చేతుల్లో ఆ స్లిప్పు నానిపోయి షిఫ్టు అయ్యేసరికి చెత్తలో పడుతుంది, ఎవరూ దాచరు.

అంతకు ముందు ఏడాది పొడుల కంపెనీలు ఎక్కువై, ఒకరి పొడి బలంగా, ఒకరిది పలచగా రావడం మొదలైంది. అందుకే రెసిపీ క్లాసును కొత్తగా రాశాను. పొడి బలం ఎంతో పట్టికలో చూసుకుని గ్రాములు పెంచడమో తగ్గించడమో చేస్తుంది. పేరు మార్చలేదు, పిలిచే తీరు మార్చలేదు, లోపలి లెక్క మాత్రమే మార్చాను. మిగతా ప్రోగ్రాంలో ఒక్క అక్షరం కూడా కదపకుండా పని అయిపోయిందని మురిసిపోయాను. పిలిచే తీరు మార్చి ఉంటే, పాత క్లాసు ముందొచ్చిన రోజున ప్రోగ్రాం పెద్దగా అరిచి ఆగిపోయేది. మీకు నేను చెప్పేది ఇదే, అరిచి ఆగిపోయే తప్పుకు భయపడకండి. నోరు మెదపకుండా తప్పుడు లెక్క ఇచ్చేదే కొంప ముంచుతుంది.

ఆ వానాకాలం రంగుల గదిలోకి నీళ్లొచ్చి కంప్యూటర్ పోయింది. మిల్లువాళ్లే కొత్తది కొని, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించి, మా ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టుగా కాపీ చేసుకున్నారు. తర్వాతి రెండు వారాల్లో, ఎప్పుడూ ఒకే బరువుండే ముదురు నీలం లాట్లు అయిదు పలచబడి వచ్చాయి. మేనేజర్ మహేష్‌భాయ్ నాకు ఫోన్ చేసి, మీ లెక్క ఒకసారి చూడండి అన్నారు. నేను ఆఫీసులో నా కుర్చీలో కూర్చుని, నా కంప్యూటర్‌లో ఆ లాట్ వివరాలు కొట్టి చూశాను. నీలం పొడి రెండువేల రెండొందల యాభై గ్రాములు, సరిగ్గా ఉండాల్సినంతే. స్లిప్పు సరిగ్గానే ఉంది, తూకం చూసుకోండి అని చెప్పి ఫోన్ పెట్టేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

నోటుబుక్కు

మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం రాజేశం మా ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. తనను గదిలోంచి బయటికి పంపారని చెప్పాడు. తూకం తప్పినందుకు ఒకటి, జేబులో నోటుబుక్కు దొరికినందుకు ఇంకొకటి. ప్రతి లాట్‌కూ ఒక చిన్న గుడ్డముక్క అంటించి, పక్కన గ్రాములు తెలుగులో రాసుకోవడం అతని అలవాటు. మాస్టర్లు తమ రంగులను అలా దాచుకుంటారు, పక్కవాడికి అర్థం కాని లిపిలో అయితే ఇంకా మేలు. మిల్లులో ఎవరికీ చదవరాని ఆ నోటుబుక్కు చూసి, ఇక్కడ రంగు చెడగొట్టి మంచి రెసిపీలు వేరే మిల్లుకు మోస్తున్నాడని మహేష్‌భాయ్ తేల్చేశారు. శనివారం లెక్క తేల్చి పంపేస్తారట. ఆ రోజు గురువారం.

నా మీద కోపం ఉంటే ఎంత బాగుండేదో. అతని గొంతులో అది లేదు.

"కంప్యూటర్ సరిగ్గ ఉందని నువ్వు చెప్పినవంట గదా అక్కా. నువ్వు చెప్పినంక ఇగ ఎవరింటరు. ఒక్కటే అడుగుతున్న, నా బుక్కు జర చదివి అండ్ల దొంగతనం ఏం లేదని చెప్పు. తూకం తప్పిండంటే అననీ, దొంగ అంటే మాత్రం నేను గీ ఊళ్ల ఉండలేను."

నాకు అప్పటికీ అతని తూకం మీద అనుమానమే. నిజం రాస్తున్నాను. తెలిసినవాడు కదా, దొంగ కాదని చెప్పి వద్దామని మాత్రమే బయల్దేరాను.

మహేష్‌భాయ్ సొరుగులోంచి నోటుబుక్కు తీసి, వేలితో బల్ల మీద నా వైపుకు తోశారు. మొదటి పేజీలు తిప్పుతూ పైకి చదివి, ఇది వేరే మిల్లు రెసిపీ కాదు, మీ లాట్ నంబర్లే, మీ గుడ్డముక్కలే అని హిందీలో చెబుతూ వచ్చాను. ముదురు నీలం, రెండువేల రెండొందల యాభై. ఇంకో నెల, అదే నీలం, అదే లెక్క. తర్వాత వానల తర్వాతి పేజీ వచ్చింది. పలచని నీలం ముక్క, పక్కన వెయ్యిన్ని ఎనిమిదొందలు. కింద ఇంకోటి, వెయ్యిన్ని ఎనిమిదొందలు. అయిదు ముక్కలు, అయిదుసార్లు అదే అంకె.

వెనక పేజీలకు వెళ్లి మళ్లీ చూశాను. చేయి తప్పిన మనిషి ఒకసారి పదిహేడొందలు తూస్తాడు, ఇంకోసారి రెండువేలు తూస్తాడు. అయిదుసార్లు గ్రాము తేడా లేకుండా ఒకే తప్పు చేయడు. అలా చేయగలిగింది ప్రోగ్రాం ఒక్కటే. ఆ వెయ్యిన్ని ఎనిమిదొందలు నాకు బాగా తెలిసిన అంకె, పొడి బలం చూసుకోని నా పాత లెక్క ఇచ్చేది అంతే. నేను తీసేశాననుకున్న లెక్క, నేనే దాచిపెట్టిన మూటలోంచి లేచి వచ్చింది.

రంగుల గదికి వెళ్లి అక్కడి కంప్యూటర్‌లోనే స్లిప్పు కొట్టాను. వెయ్యిన్ని ఎనిమిదొందలు. ఇక అనుమానానికి చోటు లేదు, అయినా చూడాలి. జావాను ఒక ప్రత్యేకమైన ఆదేశంతో మొదలుపెడితే ఏ క్లాసును ఏ మూటలోంచి తెచ్చిందో వరసగా చెబుతుంది. ఆ వరసలో రెసిపీ క్లాసు ఎదురుగా ఓల్డ్ అని చివరనున్న నా జార్ పేరు కనిపించింది. ఈ కొత్త కంప్యూటర్ ఫోల్డర్‌ను అక్షరక్రమంలో చదవడం లేదు. తన ఇష్టమొచ్చిన వరసలో పాతదాన్ని ముందు చదివింది, కొత్తదాని దాకా రానేలేదు.

ఈ పని చేయడానికి నాకు పావుగంట పట్టింది. ఫోన్ వచ్చిన రోజే ఈ గదికి వచ్చి ఉంటే ఆ రోజే తేలిపోయేది. రాజేశాన్ని అడిగి ఉంటే ఇంకా ముందే తేలేది, అంకెలన్నీ అతని జేబులోనే ఉన్నాయి. హంసాబెన్ గుర్తొచ్చింది, సిగ్గుతో తల దించుకున్నాను.

బిపిన్‌భాయ్ మాట

గది బయటికొచ్చి బిపిన్‌భాయ్‌కు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన మెల్లగా, పాత జార్ తీసేసి వచ్చేయి సుజాతాబెన్, ఇక ముందు లాట్లు బాగానే వస్తాయి కదా అన్నారు. రాజేశం సంగతేమిటన్నాను. మంచి పనివాడు, ఇంకో మిల్లులో నేనే మాట్లాడి పెట్టిస్తాను అన్నారు. అయిదు లాట్లు మన ప్రోగ్రాం పాడుచేసిందని ఒక్క మిల్లు శేఠ్‌కు తెలిస్తే రేపు పదకొండు మంది శేఠ్‌లకూ తెలుస్తుంది, ఆఫీసులో పద్నాలుగు కుటుంబాలున్నాయి, ఆలోచించు అన్నారు.

ఆయన చెడ్డ మనిషి కాదు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ వచ్చి కూర్చున్న మనిషి. మీకు రాబోయే పై అధికారుల్లో చెడ్డవాళ్లు తక్కువే ఉంటారు, భయపడేవాళ్లే ఎక్కువ. చెడ్డవాడికి ఎదురు చెప్పడం తేలిక. మంచివాడు భయపడి ఒక మాట అడిగినప్పుడు కాదనడానికే గుండె కావాలి.

ఆ పద్నాలుగు కుటుంబాల్లో నాదీ ఒకటి. అది కూడా ఆలోచించాను. ఇంకో మిల్లులో పెట్టిస్తే రాజేశానికి పని దొరుకుతుంది, కానీ షేడ్ తప్పినవాడన్న మాట అతని వెంటే ఆ మిల్లుకూ వెళుతుంది. ఆ మాట పుట్టింది మహేష్‌భాయ్ నోట్లో కాదు. నేను ఫోన్‌లో అన్న ఒక్క వాక్యంలో పుట్టింది. దాన్ని వెనక్కి తీసుకోగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

"బిపిన్‌భాయ్, జార్ ఇప్పుడే తీయను. శేఠ్ చూశాక తీస్తాను. మీకు చెప్పకుండా చేయకూడదని చెబుతున్నాను, అడగడం లేదు."

ఫోన్ ఆయనే పెట్టేశారు.

రంగుల గదిలో

మిల్లు యజమాని శేఠ్‌ను, మహేష్‌భాయ్‌ను రంగుల గదికి పిలిచాను. రాజేశాన్ని గేటు దగ్గర నుంచి లోపలికి రానివ్వమన్నాను. అతను వస్తుంటే కలిపే డ్రమ్ముల దగ్గర ఉన్నవాళ్లు, బట్టకు రంగు పట్టించే జెట్ మిషన్ల దగ్గర ఉన్నవాళ్లు చేతులు తుడుచుకుంటూ తలుపు దాకా వచ్చి నిలబడ్డారు. వెళ్లిపొమ్మని శేఠ్ అనలేదు. అనకపోవడమే మంచిదైంది.

ముందు స్లిప్పు కొట్టాను, వెయ్యిన్ని ఎనిమిదొందలు. శేఠ్ చేతిలో పెట్టాను. తర్వాత వాళ్లు చూస్తుండగానే పాత జార్‌ను ఆ ఫోల్డర్‌లోంచి తీసేసి ప్రోగ్రాంను మళ్లీ మొదలుపెట్టి, అదే లాట్‌కు ఇంకో స్లిప్పు కొట్టాను. రెండువేల రెండొందల యాభై. రెండోది కూడా ఆయన చేతిలో పెట్టి, పక్కన నోటుబుక్కు తెరిచి పెట్టాను. తలుపు దగ్గరున్నవాళ్లందరికీ అర్థం కావాలని హిందీలో చెప్పాను.

"స్లిప్పులో ఎంత ఉందో రాజేశం అంతే తూచాడు, ఒక్క గ్రాము తప్పలేదు. తప్పు స్లిప్పుది. ఆ స్లిప్పు రాసింది నేను. పాత ఫైలు తీయకుండా వదిలేసింది నేను. ఇక్కడికొచ్చి చూడకుండా స్లిప్పు సరిగ్గా ఉందని ఫోన్‌లో చెప్పింది కూడా నేనే."

శేఠ్ రెండు స్లిప్పులనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. ఆయన నా మీద కోప్పడలేదు. ఈ పాత ఫైలు ఇంకెన్ని మిల్లుల్లో ఉంది అని అడిగారు. పదకొండింటిలోనూ ఉంది, రేపటి నుంచి నేనే వెళ్లి తీస్తాను అన్నాను. అయితే వెళ్లు, ఇక్కడ ఎందుకు నిలబడ్డావు అన్నారు. మహేష్‌భాయ్ నోటుబుక్కు మూసి రాజేశం చేతికిచ్చారు. తప్పయిందని ఎవరూ అతనితో అనలేదు, మిల్లుల్లో ఆ మాట అనే అలవాటు లేదు. గది తాళం మాత్రం మేకుకు వేలాడుతున్నది తీసి అతని చేతిలో పెట్టారు. రాజేశం చొక్కా విప్పి, మేకుకు తగిలించి, వెంటనే త్రాసు తుడవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత

నాలుగు రోజుల్లో పదకొండు మిల్లులూ తిరిగాను. ప్రతిచోటా పాత జార్లు తీసేసి, ఎందుకు తీస్తున్నానో చెప్పాను. ఇద్దరు ఖాతాదారులు మమ్మల్ని వదిలేశారు. బిపిన్‌భాయ్ ఆరు నెలలు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. నన్ను మిల్లులకు పంపడం మానేసి ఆఫీసులోనే కూర్చోబెట్టారు. ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానేస్తే నేను నేర్పిన తప్పు నేర్చుకున్నవాళ్ల దగ్గర అలాగే ఉండిపోతుందని ఆగాను. ఆ ఆరు నెలల్లో కూర్చుని ఒక చిన్న క్లాసు రాశాను. ప్రోగ్రాం మొదలయ్యేముందు అది మూటలన్నీ తిరగేస్తుంది. ఒకే పేరున్న క్లాసు రెండుచోట్ల కనిపిస్తే ఆ రెండు మూటల పేర్లూ చెప్పి, ప్రోగ్రాంను మొదలుకానివ్వదు. స్లిప్పు అడుగున కూడా ఒక వరస చేర్చాను, ఆ లెక్క ఏ జార్‌లోంచి వచ్చిందో అందులో ఉంటుంది. ఏడాది తర్వాత బిపిన్‌భాయ్ కొత్త ఖాతాదారుకు ఆ వరసను వేలితో చూపించి గొప్పగా చెబుతుంటే విన్నాను. నేనేమీ అనలేదు, నవ్వుకున్నాను.

పాత కోడు దాచుకోవడానికి వేరే చోట్లున్నాయి, మార్పులన్నీ భద్రపరిచే పద్ధతులున్నాయి, వాటిని వాడండి. నడిచే ఫోల్డర్‌లో మాత్రం నడవాల్సిందే ఉండాలి. మా నాన్న గోనెసంచి మంచం కింద ఉన్నంతకాలం ఎవరికీ నష్టం చేయలేదు. నేను దాన్ని తెచ్చి మగ్గంలోనే పెట్టాను.

రాజేశం ఆ రోజు నుంచి స్లిప్పును ఒంటరిగా నమ్మలేదు. పక్కన నోటుబుక్కు పెట్టుకుని, పాత లాట్‌తో సరిచూసి, తేడా ఉంటే తూచడానికి ముందే నాకు ఫోన్ చేసేవాడు. ఏడాదికి మూడు నాలుగుసార్లు మోగేది ఆ ఫోన్. చాలాసార్లు పొడి మారడం వల్ల వచ్చిన తేడానే, రెండుసార్లు మాత్రం నిజంగా మా తప్పు. మోగిన ప్రతిసారీ చేతిలో పని వదిలి బయల్దేరేదాన్ని.

నిరుడు నేను రిటైరైన వారంలో అతను, భార్య కలిసి ఆల్థాన్ వచ్చారు. ఆవిడ కుట్టిన చేతిసంచి ఒకటి నా ఒళ్లో పెట్టారు. పలచని నీలం, చూడగానే గుర్తుపట్టాను. ఆ అయిదు లాట్లు సెకండ్స్ కింద, అంటే లోపమున్న బట్టగా తక్కువ ధరకు పోయినప్పుడు రెండు మీటర్లు తెచ్చి దాచాడట.

"గీ రంగు మళ్ల ఎవ్వరూ తియ్యలేరక్కా," అన్నాడు రాజేశం. "నువ్వు, నేను కలిసి చేసిన షేడ్ ఇది. నా బుక్కుల అట్లనే రాసుకున్న."

ఆ సంచి మా వంటింటి తలుపు వెనక వేలాడుతోంది, రోజూ కూరగాయలు అందులోనే తెస్తున్నాను. పాతవన్నీ తీసేయమని ఇంతసేపు చెప్పాను. ఇది ఒక్కటి తీయను.